ఓబులేసు మామ పడిన చోటు

ఓబులేసు మామ మా చేనులో పడింది ఒక సోమవారం, పొద్దున ఎనిమిది గంటలకు. సోమవారమని ఎందుకు గుర్తంటే, మా వైపు ఆ రోజు ఎద్దులకు కాడి కట్టరు. అందుకే పని లేని మగవాళ్ళు మా గట్టు మీద చేరారు. ఎనిమిదని ఎందుకు గుర్తంటే, గుంతకల్లు పోయే ప్యాసింజరు అప్పుడే కూత వేసింది. ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న రోజంతా బస్సులో కూర్చుని ఊళ్ళో దిగాను. డీజిలు వాసన ఇంకా ముక్కులోనే ఉంది, కాళ్ళ కింద నేల మాత్రం అటూ ఇటూ ఊగింది. మనవరాలు నా చెయ్యి పట్టుకుని "బీపీ" అంది. బీపీ కాదు, నాకు మా మామ గుర్తొచ్చాడు.

ఆయన మా అమ్మకు పినతల్లి కొడుకు. పెళ్ళయిన కొత్తలోనే ఇంట్లో పోట్లాడి, గుంతకల్లులో రైలెక్కి బొంబాయి చేరి, సరుకుల ఓడలో బాయిలరుకు బొగ్గు వేసే పనికి కుదిరాడు. ఏళ్ళ తరబడి సముద్రాలు తిరిగి, యాభైల చివర్లో, వానలు మొహం చాటేసిన ఏడు తిరిగొచ్చాడు. నేను అప్పుడు మొదటి కాన్పుకు పుట్టింట్లో ఉన్నాను. ఆయన్ను చూడ్డం తప్ప నాకు వేరే పని లేదు. చూడ్డానికి అంతకంటే వేడుకా ఊళ్ళో లేదు. సాళ్ళకు అటొక కాలు ఇటొక కాలు వేసినట్టు ఎడంగా నడిచేవాడు. అన్నం తినేటప్పుడు ఎడమచెయ్యి కంచం చుట్టూ కంచెలా పెట్టుకునేవాడు.

"ఎవురు లాక్కుంటారప్పా నీ కూడు?" అనేది ఆయన భార్య లచ్చుమత్త.

"ఎవురూ లాక్కోరు. అదే జారిపోతాది."

"మన ఇంట్లో కంచం యాడికి జారిపోతాది?"

ఇంట్లో కుండలన్నీ తాళ్ళతో గూటానికి కట్టేశాడు. ఉప్పు కావాలంటే అత్త ముళ్ళు విప్పాలి. "నాకు మూడే ముళ్ళు వేసి ఓడెక్కినావు. ఉప్పుకుండకు ఏడు వేసినావే!" అని ఆమె అరుపు మా వసారాలోకి వినపడేది.

ఊరివాళ్ళకు ఆయన మీద ఒకటే ఫిర్యాదు. ఏం అడిగినా తెలియదంటాడు. "సముద్రం ఎంత లోతుండాదప్పా?" అని మల్లన్న అడిగితే, "తెలీదన్నా" అన్నాడు. "వాన యా దిక్కు నుంచి పుడతాది?" "తెలీదన్నా." మల్లన్నకు ఒళ్ళు మండింది. "ఇన్నేండ్లు యాడుండినావు మరి?" "పొయ్యి కాడ" అన్నాడు మామ. నిజమే, ఓడ అడుగున బొగ్గుల గదిలో కూర్చున్నవాడికి సముద్రం కనపడేది ఎప్పుడు!

ఆ ఏడు మా బావి ఎండిపోయింది. నాయన ఎద్దులను అమ్మి కొత్త బావి తవ్వించాలనుకున్నాడు. చోటు తప్పితే నీళ్ళూ ఉండవు, ఎద్దులూ ఉండవు, ఇక మా ఇంట్లో అందరం కూలికి పోవలసిందే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ళు చూసే తిమ్మప్ప చేనంతా తిరిగాడు. నీళ్ళున్న చోట నిక్కి నిలబడాల్సిన టెంకాయ ఎక్కడా లేవలేదు. అప్పుడు రుద్రప్ప అన్నాడు: "అంతకాలం నీళ్ళ మింద బతికినోడు మనూళ్ళోనే ఉండాడు గదప్పా!" అందరికీ ఆ మాట న్యాయంగానే తోచింది. నాకూ తోచింది.

"బావా, నాకు తెలీదు" అని మామ మొత్తుకున్నాడు. "ఊరికే నడువు, చాలు" అన్నాడు నాయన.

మామ నడిచాడు. చేను నడుమ ఆగి, దూరంగా నేలా ఆకాశం కలిసే చోటు వైపు చూశాడు. అటు ఊగాడు, ఇటు ఊగాడు, పక్కకు ఒరిగి పడిపోయాడు.

"లాగినాయి! నీళ్ళు లాగినాయి!" అని తిమ్మప్ప పరిగెత్తి అక్కడ గూటం పాతి, కుంకుమ పెట్టి, లేవని ఆ టెంకాయనే కొట్టేశాడు. నిన్నటిదాకా వెక్కిరించిన మల్లన్న "స్వామీ" అని దండం పెట్టాడు, వెంటనే మిగతావాళ్ళూ పెట్టారు. మామకు సంగటి తెచ్చిన లచ్చుమత్త గట్టు మీదే నిలబడిపోయింది. మొగుడు వదిలేసిన ఆడదనే పేరుతో ఏళ్ళు గడిపిన మనిషి ఆమె. ఆ దండాలు చూసి ఆమె మొహం వెలిగింది. నేను చూశాను. మామా చూశాడు.

"లేదు బావా. నా కాళ్ళు ఇంకా ఓడలోనే ఉండాయి. నిలబడితే ఊగుతాండా."

"పెద్దోళ్ళు అట్లే అంటారు" అన్నాడు తిమ్మప్ప.

రుజువు చేద్దామని మామ ఇంకోవైపు నడిచి అక్కడా పడ్డాడు. అక్కడా గూటం పాతారు. బాట మీదికి పోయి పడ్డాడు. బాట సర్కారుది కాబట్టి వదిలేశారు. ఈలోపు నాయన విడపనకల్లు నుంచి వచ్చిన ఎద్దుల దళారితో, ధర ఎవరికీ తెలియకుండా తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరం మొదలుపెట్టాడు. సోమవారం ఎద్దులకు కాడి కట్టకూడదు గానీ, అమ్మకూడదని ఎవరూ చెప్పలేదు.

మామ పెళ్ళాం వైపు తిరిగాడు. "లచ్చుమీ, నువ్వన్నా చెప్పు."

ఆమె ఆ దండాలు పెట్టినవాళ్ళను మరొక్కసారి చూసుకుంది. తర్వాత సంగటి గిన్నె కింద పెట్టి, మా నాయన వైపు తిరిగి నోరు విప్పింది. "ఎర్రిస్వామన్నా! ఈయప్ప నిన్న మా పొయ్యి కాడ పడినాడు. మొన్న గొర్రెల దొడ్డిలో పడినాడు. రాండి, పొయ్యి కింద నుంచి మొదలుపెట్టండి తవ్వకం!"

ముందు దళారి నవ్వాడు, తర్వాత అందరూ. నాయన తువ్వాల కింద నుంచి చెయ్యి లాగేసుకున్నాడు. ఆ రోజుల్లో ఆడది నలుగురిలో మొగుడి చెయ్యి పట్టుకునేది కాదు. లచ్చుమత్త పట్టుకుంది. "పడితే నా మింద పడు" అని ఇంటికి నడిపించుకుపోయింది.

"ఊ అనింటే నిన్ను ఊరు నెత్తిన పెట్టుకునుండేది గదా మామా?" అని తర్వాత అడిగాను. "తెలీంది తెలుసంటే మీ నాయన పడతాడు పాపా. తెలీదంటే నేనొక్కణ్ణే పడతా" అన్నాడు.

నెత్తి నెరిసిన తర్వాత నేను వయోజన బడికి పోయాను. ఎవరికి అక్షరాలొచ్చని పంతులు అడిగితే, అందరూ "కొంచెం వస్తాది" అని తల దించుకున్నారు. నేను మాత్రం "ఒక్కటీ రాదు" అన్నాను. పంతులు నా పలక తీసుకుని అ నుంచి మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇది రాస్తున్నానంటే ఆ ఒక్క మాట చలవే.

మామ పడిన చోట నీళ్ళున్నాయా అని ఇప్పటికీ అడుగుతారు. ఎవరూ తవ్వలేదు. నాకు తెలియదు. ఆ రోజు అక్కడ ఉన్నది ఎవరో మాత్రం తెలుసు: మా నాయన ఎర్రిస్వామి, టెంకాయ తిమ్మప్ప, మల్లన్న, రుద్రప్ప, విడపనకల్లు దళారి, ఓబులేసు మామ, లచ్చుమత్త, మా ఎద్దులు రెండూ, నేను, నా కడుపులో మా పెద్దోడు.