పచ్చళ్ళ అరలో మందు

మా ఆయన మాట తడబడుతోందని ఒక సోమవారం గమనించాను. కాఫీ కలుపుకుంటూ "చక్కెర వేశావా?" అని నన్ను మూడుసార్లు అడిగారు. కలుపుతున్నది తనే! నవ్వొచ్చింది. బుధవారానికి ఆ నవ్వు కాస్తా పోయింది. పట్టపగలు సోఫాలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నిద్రపోతున్నారు.

అమెరికాలో, కాపెల్‌లో ఉంటాం. ఆయన ఉద్యోగం పోయి నెల దాటింది. వీసా రూలు ప్రకారం ఉద్యోగం పోయిన అరవై రోజుల్లో ఇంకో కంపెనీ తీసుకోకపోతే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. ఆ దిగులుతో నిద్ర పట్టడం లేదని డాక్టర్ ఆల్‌ప్రజోలం రాశారు, పడుకునే ముందు ఒకటి. మూడు వారాలు హాయిగా పడుకుని, పొద్దున్నే లేచి ఇంటర్వ్యూలకి చదువుకున్నారు. మరి అదే మాత్ర, అదే మోతాదు, ఇప్పుడేమొచ్చింది? ఎంత బుర్ర గోక్కున్నా నాకు అంతుపట్టలేదు.

శుక్రవారం ఫోన్‌లో ఇంటర్వ్యూ. వంటింట్లోంచి వింటున్నాను. ఐదేళ్ళు ఈయన చేసిన ప్రాజెక్ట్ గురించే అడిగారు. ఈయన చెప్పిందే చెప్పి, మధ్యలో ఆగిపోయారు. అవతలివాళ్ళు హలో, హలో అంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటండీ ఇది? మిగిలింది పదిహేడు రోజులు. ఈ మొద్దునిద్రేంటి మీకు?"

"ఏమో. బుర్ర పనిచేయట్లేదు. ఇక ఈ పని నావల్ల కాదేమో."

ఎదురు తిరిగి నాతో పోట్లాడినా బాగుండేది. పక్కగదిలోకి వెళ్ళి అక్కకి ఫోన్ చేసి, "ఈయన పని అయిపోయిందే అక్కా, ఇంక ఉద్యోగం చేయలేరు, టికెట్లు చూసుకోవాలి" అని ఏడ్చేశాను.

మర్నాడు నిద్రమాత్రల రీఫిల్‌కి మందులషాపుకి వెళ్ళి, అక్కడి ఫార్మసిస్ట్‌కి ఈ గోలంతా చెప్పుకున్నాను. ఇంకేం మందులు వాడుతున్నారని అడిగిందావిడ.

"ఏమీ లేవు."

"విటమిన్లు? క్రీములు?"

"అబ్బే, ఏమీ లేవు. తామరకి ఇండియా మాత్రలు, అంతే."

ఆవిడ టైప్ చేయడం ఆపేసింది. నా దృష్టిలో మందంటే ఇక్కడి డాక్టర్ రాసింది. ఆ కాప్సూళ్ళు స్నేహితురాలి అమ్మగారి సూట్‌కేసులో ఆవకాయతో పాటు వచ్చాయి, ఆవకాయ పక్కనే సర్దాను. పది రోజులుగా టిఫిన్‌తో పాటు నా చేత్తోనే ఇస్తున్నాను.

తెప్పించుకునేటప్పుడు స్నేహితురాలికి పంపిన అట్ట ఫొటో నా ఫోన్‌లోనే ఉంది, చూపించాను. ఆవిడ చూసి, "ఇట్రాకొనజోల్. ఇది ఆ నిద్రమాత్రని ఒంట్లోంచి పోనివ్వదు. నిన్నటి మాత్ర మీద ఇవాళ్టిది పేరుకుంటోంది" అంది. వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసింది. మా ఆయన్ని డ్రైవ్ చేయనివ్వొద్దని, లేపితే లేవకపోతే అంబులెన్స్ పిలవమని చెప్పింది. ఇంటికి పరుగెత్తి భుజం పట్టి కుదిపాను. కళ్ళు తెరిచారు. దేవుడా!

డాక్టర్ కాప్సూళ్ళు మాన్పించి పూతమందు ఇచ్చారు, నిద్రమాత్ర మెల్లగా తగ్గించారు. తేరుకోవడానికి పది రోజులు పట్టింది. ఇంకో ఇంటర్వ్యూ వచ్చింది, ఉద్యోగమూ కుదిరిందనుకోండి. నాకు మాత్రం ఆ ఇంటర్వ్యూ రోజు పొద్దుటి మాటే గుర్తుంది. చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ అడిగారు.

"నా పని అయిపోయిందని మీ అక్కతో అన్నావు కదా. నిజంగానే నమ్మావా?"

ఆరోజు అక్కకి ఫోన్ చేస్తూ తలుపు వేసుకోలేదని అప్పుడు తట్టింది. "ఛ, లేదండీ" అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"నేను నమ్మేశాను," అన్నారు. "నువ్వైనా నమ్మకుండా ఉండాల్సింది."