అప్పాయమ్మ బొటనవేలు

మా పేటలో మా మామ్మ పేరెత్తితే ముసలాళ్ళ మొహాలు ఇప్పటికీ వెలిగిపోతాయి. చేపల దొరకి టోకరా వేసి పేటని నిలబెట్టిన మొనగత్తె అంటారు. ఆమె బతికున్నంతకాలం జాతరలో మొదటి తాంబూలం ఆమెకే ఇచ్చేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దొర దగ్గర మామ్మ అబద్ధం ఆడిన మాట నిజమే. ఎందుకు ఆడిందో మాత్రం వీళ్ళెవరికీ తెలియదు. నాకు చెప్పింది, పోయే ముందు నెల, మంచంలో పడుకుని. చెబుతున్నంతసేపూ కుడిచేతి బొటనవేలితో దుప్పటి అంచు నొక్కుతూనే ఉంది.

మామ్మ పేరు అప్పాయమ్మ. పుట్టిల్లు గూటాల రేవు. అది ధవళేశ్వరం ఆనకట్టకి ఎగువన, గాలి కలిసొస్తే పడవ మీద ఒక పగటి ప్రయాణం. మెట్టినిల్లు ఆనకట్టకి దిగువన, మా పల్లెకారుల పేట. ఆమె పుట్టేనాటికి ఆనకట్ట లేదు. ఏరు ఎర్రబడగానే పులస సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చి, గూటాల దాటి పైకి పోయి గుడ్లు పెట్టేది. ఆమెకి పదేళ్ళు దాటేసరికి ఏటికి అడ్డంగా రాతికట్ట లేచింది. ఆ తరవాత గూటాలలో పులస పడటం తగ్గిపోతూ వచ్చి, ఏడాదికి రెండు పడితే గొప్ప అన్నంత దాకా దిగింది. మా పేటకి మాత్రం రొట్టె విరిగి నేతిలో పడింది. పైకి పోలేని చేపంతా వచ్చి ఆనకట్ట కిందే మూగేది.

మామ్మకి ఒక విద్య ఉంది. వాళ్ళమ్మ వీరవేణి నేర్పింది. చేపని వెల్లకిలా పట్టుకుని కడుపు కింద బొటనవేలు ఆనిస్తే చాలు, లోపల శన నిండుగా ఉందో, సగం ఉందో, గుడ్లు పెట్టేసి ఖాళీ అయిందో చెప్పేసేది. శన అంటే చేప గుడ్లు. పులసలో శన ఉంటే కొనేవాళ్ళు ఎగబడతారు కనక ఆ విద్య అమ్మకానికి పనికొచ్చేది. అంతకు మించి దానికి విలువ ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

ఆమెకి ముప్ఫై ఏళ్ళప్పుడు, శ్రావణమాసం ముందర, దొర ఒకాయన వచ్చి ఆనకట్ట దిగువ గట్టు మీద డేరా వేశాడు. అసలు వైద్యుడట, చేపల మీద పిచ్చి. ఆయన వెంట దుబాసీ అప్పాజీగారు ఉండేవారు. దొరకి కావలసింది ఒక్కటే. ఆనకట్ట కింద పడుతున్న పులసలు గుడ్లు పెట్టడానికి పైకి పోతూ ఆగిపోయినవా, లేక ఇక్కడే గుడ్లు పెట్టేసినవా? ఇక్కడే పెట్టేస్తుంటే గొడవ లేదు. కడుపునిండా గుడ్లతో వలల్లో పడి చచ్చిపోతుంటే ఇంకో పాతికేళ్ళకి ఈ ఏట్లో ఆ జాతే ఉండదని ఆయన భయం. మగవాళ్ళని అడిగితే ఎవడికి అనువైన జవాబు వాడు చెప్పాడు. అప్పుడెవరో మామ్మ పేరు చెప్పారు. దొర అయిదు చేపలు ముందు పెట్టాడు. మామ్మ బొటనవేలు ఆనించి అయిదింటికీ చెప్పింది. కోసి చూస్తే ఒక్కటీ తప్పలేదు. ఆ పూటే కొలువులో పెట్టుకున్నారు.

పని ఇది. పొద్దున్నే పేటవాళ్ళు తలా కొన్ని చొప్పున ఇరవై పులసలు డేరా దగ్గరికి తేవాలి. మామ్మ ఒక్కొక్కటే చూసి, కోసి, వల అల్లే నారతాడుకి ముడులు వేయాలి. నిండు చేపకి జంటముడి, ఖాళీ చేపకి ఒంటిముడి. ఆమెకి రాతకోతలు రావు కనక ఆ పద్ధతి ఆమే చెప్పింది. సాయంత్రం అప్పాజీగారు ఆ తాడు చూసి పుస్తకంలో రాసుకునేవారు. రోజుకో తాడు. మొదటి పదిరోజులూ దాదాపు అన్నీ జంటముడులే పడ్డాయి.

ఈ లెక్కంతా దేనికోసమో మామ్మకి మొదట అర్థం కాలేదు. పదో రోజున అప్పాజీగారు మాటల సందున చెప్పేశారు. ఇలాగే ఉంటే వరద రోజుల్లో రెండు నెలలపాటు ఆనకట్ట కింద వల వేయకూడదని దొరగారు చెన్నపట్నానికి రాస్తారట. నీళ్ళు కట్ట మీదుగా పొర్లే రోజుల్లో చేప దాన్ని ఎక్కి దాటగలదు. అంతదాకా కింద దాన్ని బతకనిస్తే చాలునట. ఆ రెండు నెలల చేపతోనే మా పేట ఏడాదంతా బతికేది. అవే రెండు నెలలు చేప దాటితే, గూటాలలో వాళ్ళమ్మ ఇంట్లో మళ్ళీ పొయ్యి మీద కూర ఉంటుంది.

ఆ సంగతి మామ్మ ఇంటికి చేరేసరికే పేటంతా పాకింది. కులపెద్ద గంగయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. మంచినీళ్ళు అడిగి తాగి, చెంబు పక్కన పెట్టి, మెల్లగా అన్నాడు.

"అప్పాయమ్మా, నువ్వు గూటాల పిల్లవి. మా లోవరాజు కట్టుకున్నాడు గనక మా పిల్లవయ్యావు. నీ మాట మూలాన మా వలలు ఎండితే, మళ్ళీ గూటాల పిల్లవే అయిపోతావు. అంతేనమ్మా."

లోవరాజు మా తాతయ్య. గుమ్మం పక్కన నిలబడి అంతా విన్నాడు. ఆయన భయస్తుడు. గంగయ్య దగ్గితే ఈయన లేచి నిలబడేవాడని మామ్మే నవ్వేది. ఆ సాయంత్రం మాత్రం నవ్వు రాలేదని చెప్పింది.

పదకొండో రోజున డేరాకి వచ్చిన ఇరవై చేపల్లో పద్దెనిమిది ఖాళీవి. మామ్మ మొదటిదాని కడుపు కింద బొటనవేలు ఆనించగానే చెయ్యి వెనక్కి తీసేసుకుంది. గుడ్లు పెట్టేసిన పులస వేరు. వీపు సన్నబడి, కండ వదులై, సోలిపోయి ఉంటుంది. ఈ చేపకి వీపు బలిసే ఉంది. కడుపు మాత్రం జారింది. తోక దగ్గరి రంధ్రం ఎర్రగా కమిలింది. కోస్తే లోపల పొర చిరిగి, ఆవగింజలంత గుడ్లు నాలుగు ఒక మూల అంటుకుని ఉన్నాయి. పడవలోనే ఎవరో శన పిండేశారు. ఎవరో ఏంటి, అందరూ. తాతయ్య బుట్టలోవీ అంతే.

దొరకి ఆ తేడా తెలియదు. ఆయన చదువులో అది లేదు కాబోలు. మామ్మ ఒంటిముడి వేసింది. ఇంటికొస్తే తాతయ్య అరటాకులో శన పెట్టి ఇచ్చాడు. ఆ వారం పేటలో ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా శన వేపుడు వాసనే. దొర షికారుకని ఇటు వస్తే ముక్కుతోనే దొంగని పట్టేస్తాడని మామ్మకి దడ. పిల్లలు ఇష్టంగా తినేవారు. ఆమె మాత్రం అన్నం కలుపుకుని, కలుపుకున్నది వాళ్ళ కంచాల్లోకి వేసేసేది.

అలా నాలుగు రోజులు ఒంటిముడులు వేసింది. రోజూ డేరాకి నడుస్తూ, ఇవాళ చెప్పేద్దామనుకునేది. గంగయ్య గట్టు మీద కూర్చుని కనపడేవాడు. మళ్ళీ ఒంటిముడే వేసేది. పద్నాలుగో రోజున గూటాల పడవవాడు వాళ్ళమ్మ మాట మోసుకొచ్చాడు. తమ్ముళ్ళిద్దరూ రాజమండ్రిలో కంకర కొట్టడానికి పోదామంటున్నారట. వల అటక ఎక్కించేశారట. "నువ్వు దొర దగ్గర ఉన్నావని తెలిసింది. నువ్వు చూసింది చెప్తే చాలమ్మా. ఎదురుచూస్తుంటాం" అని పంపింది వీరవేణి.

పదిహేనో రోజు పొద్దున దొర డేరా విప్పే హడావిడిలో ఉన్నాడు. మర్నాడు ప్రయాణం. బుట్టలతో పేట మగవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. గంగయ్య ముందు, తాతయ్య మూడోవాడు. దొర పద్నాలుగు తాళ్ళూ బల్ల మీద పరిచి, పది ఒకవైపుకి, నాలుగు ఒకవైపుకి జరిపి చాలాసేపు చూశాడు. తరవాత ఒక చేపని మామ్మ ముందు పెట్టించి, అప్పాజీగారితో అడిగించాడు. మొదట్లో అన్నీ నిండువి, ఇప్పుడన్నీ ఖాళీవి, ఈ చేపలు ఇక్కడే గుడ్లు పెట్టాయా?

మామ్మ చేపని చేతిలోకి తీసుకుంది. తల ఎత్తలేదు.

"పెట్టలేదండి. వీటిని పిండేశారండి."

దొర మళ్ళీ అడిగితే గాని అప్పాజీగారు ఆ మాట చెప్పలేదు. దొర మొహం కందగడ్డ అయింది. పిండిందెవరని అడిగాడు. సర్కారు పనిలో కల్తీ చేసినవాణ్ణి ఠాణాకి పంపిస్తానన్నాడు. వరసలో ఎవరూ కదల్లేదు. మామ్మ ఒక్కసారి తల తిప్పి చూసింది. తాతయ్య బుట్ట వణుకుతోంది. బుట్టలో చేపల తోకలు కూడా వణకడం కనిపించిందట.

ఇక్కడ మామ్మ ఏమనుకుందో నేను గుచ్చి గుచ్చి అడిగాను. చేప సంగతి చెప్పేశాను కదా, అదే కదా దొరకి కావలసింది, ఎవరి చెయ్యి అన్నది చేపకి అక్కర్లేని సంగతి అనుకుందట. అమ్మకి ఇవ్వవలసింది ఇచ్చేశాను, మొగుణ్ణి దక్కించుకుంటే తప్పేంటి అనుకుందట.

"నేనేనండి," అంది. "ఇక్కడికొచ్చాక నేనే పిండానండి."

దొర ఆమెని ఠాణాకి పంపలేదు. ఆడమనిషి అనో, ప్రయాణం తొందరనో తెలియదు. ఆ నాలుగు తాళ్ళూ తీసి పొయ్యిలో పడేశాడు. మామ్మకి ఊపిరి వచ్చింది. అంతలో మిగిలిన పది తాళ్ళూ కూడా తీశాడు. ఆమె బల్ల దగ్గరికి పరిగెత్తింది. అవి నిజమైనవండి, అవి మాత్రం నిజమండి, దొరగారికి చెప్పండి బాబూ అని అప్పాజీగారి కాళ్ళు పట్టుకుంది. ఆయన చెప్పారు, రెండుసార్లు చెప్పారు. దొర సమాధానం ఒక్కటే. పిండిన చెయ్యే ముడులూ వేసింది, ఇందులో ఏది నమ్మాలి? పుస్తకంలో పద్నాలుగు రోజుల కాగితాలూ చింపేశాడు. మామ్మ చూస్తుండగా నారతాళ్ళు చిటచిటమని కాలిపోయాయి.

ఎవరో మగవాడు పిండాడని చెప్పి ఉంటే ఆ పది తాళ్ళూ నిలిచేవి. అది ఆమెకి ఇంటికి నడుస్తుంటే తట్టింది. తట్టాక ఇక ఎన్నేళ్ళకీ వదల్లేదు.

మర్నాడు గంగయ్య కొత్త బుట్టలో పసుపు రాసిన పులసని పెట్టుకుని, పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. ఆ రోజు పడ్డ మొదటి చేప, అన్నిటికన్నా పెద్దది. నువ్వు గూటాల పిల్లవి కాదమ్మా, ఈ పేట ఆడపడుచువి అన్నాడు. భలే తెలివి, నేరం నెత్తినేసుకుని దొర పుస్తకాన్నే చింపించింది, ఇక వల ఆపమనేవాడు లేడు అని అందరూ మెచ్చుకున్నారు. తాతయ్య మాత్రం పెరట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి వచ్చి, ఆమె మొహం చూడకుండా, "పద, మీ అమ్మకిచ్చి వద్దాం" అన్నాడు. అది తప్ప ఆయనకి చేతనైంది ఏముంది.

చేపకి తడిగోనె చుట్టి, ఆనకట్ట పైన పడవ ఎక్కి, తెరచాప ఎత్తితే పొద్దువాలే వేళకి గూటాల రేవు చేరారు. దారి పొడుగునా మామ్మ గోనె మీద నీళ్ళు చల్లుతూ కూర్చుంది. అమ్మకి ఏం చెప్పాలో తేలలేదు. వీరవేణికి అప్పటికే చూపు మసక. కూతురి మొహం తడిమి, గోనె విప్పి, అలవాటుగా చేప కడుపు కింద బొటనవేలు ఆనించింది.

"నిండు చేపే," అంది. "ఇంకో రెండు రోజులు ఈదితే తనే ఇక్కడికి వచ్చుండేది. దొరకి చెప్పావా?"

"చెప్పానమ్మా."

తాళ్ళు కాలిపోయిన సంగతి మాత్రం దాచేసింది. ముసలావిడ కొడుకుల్ని కేకేసి అటక మీది వల దింపమంది. కంకర పనికి ఇప్పుడే పోవద్దంది. మర్నాడు నలుగురూ అరుగు మీద కూర్చుని ఎలకలు కొరికిన చోటల్లా వల బాగుచేశారు. తాతయ్య కూడా తల వంచుకుని ఒక అంచు పట్టుకున్నాడు. సాయంత్రం తమ్ముళ్ళు పడవ తీసి వల వేశారు. తాతయ్య దిగువకి వెళ్ళిపోయాడు.

మొదటి పులస పడేదాకా ఉండి, కూర తిని వెళ్ళవే అని వాళ్ళమ్మ మామ్మ చెయ్యి పట్టుకుంది. మామ్మ పదకొండు రోజులు ఉంది. వల్లో ఒక్క పులసా పడలేదు.