బిడ్డ వీపు కనపడని రోజు

"బిడ్డ వీపు కిందికి పెట్టి పడుకొని ఉండాది. వెన్నెముక సరిగ్గా కనపడలేదు. కాసేపు అట్లా నడిచి రామ్మా," అంది డాక్టరమ్మ, ఐదో నెల స్కానింగులో. నేను పుంగనూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను.

మదనపల్లె ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ నడిచాను. వెంట మా అత్త. ఏమీ తెలియనివాళ్లకు కాస్త ధైర్యమైనా ఉంటుంది, నాకు అదీ లేదు. ఏటా బోర్డు మీద గీసే బొమ్మలే కళ్ల ముందు తిరుగుతున్నాయి. జంతువులన్నీ ఒకే మూలం నుంచి వచ్చినా, కోట్ల ఏళ్ల కిందటే ఒంటి కట్టడం దగ్గర దారులు వేరయ్యాయి. నత్త మెత్తని ఒంటి మీద గుల్ల కట్టుకుంది. నక్షత్రచేప నడుమ నోరు పెట్టుకుని చుట్టూ చేతులు చాచింది. పురుగులు పైన గట్టి తొడుగు వేసుకుని, నరాల తాడును పొట్టవైపు ఉంచుకున్నాయి. మనం దాన్ని వీపువైపు పెట్టుకుని చుట్టూ ఎముకలు పేర్చుకున్నాం. బిడ్డలో ఆ తాడుగా మారే నరాల గొట్టం, కడుపుతో ఉన్నామని తెలిసీ తెలియకముందే మూసుకోవాలి. మూసుకోకపోతే ఏమవుతుందో క్లాసులో ఒక్క వాక్యంలో చెప్పేసి పాఠం ముందుకు నడిపేదాన్ని. ఇప్పుడు ఆ వాక్యం దాటి ముందుకు పోలేకపోయాను.

మా అత్తకేమో పట్టుపురుగుల గొడవ. కుప్పం నుంచి తెచ్చి ఇంట్లో పెంచుతున్న పిల్లపురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. చర్మం విడిచేముందు పురుగు మేత మాని కదలకుండా పడుకోవడాన్నే మావైపు జ్వరమంటారు. లేచాక వాటి ఆకలికి అంతుండదు.

"ఎముక లేని పురుగే నాలుగు తూర్లు సర్మం ఇడిసి పెరగతాండాదే, మన బిడ్డకేమమ్మా? యాల ఇంత బయం?"

"నీకు పురుగులు తప్ప ఇంకేం పట్టవా అత్తా?" అని కసురుకున్నాను.

మళ్లీ పిలిచారు. ఈసారి బిడ్డ పక్కకు తిరిగింది. డాక్టరమ్మ మెడ నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి నడుము దగ్గర ఆగింది. ఎందుకాగిందా అని ఆమె ముఖమే చూస్తూ ఉన్నాను.

"బాగుండాదమ్మా. అంతా మూసుకొనే ఉండాది."

ఏడ్చేశాను. బయటికొచ్చి చెప్తే, అత్త నా వీపు మీద చెయ్యి వేసి మెడ నుంచి నడుము దాకా మెల్లగా నిమిరింది.

బస్సెక్కాక నా కసురు గుర్తొచ్చి సిగ్గేసింది. "పొద్దున పురుగులకు ఆకు వేసే వచ్చావు కదా అత్తా?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని. ఒళ్లు కాలిపోతున్నా ఒక్క పూట మేత తప్పించిన మనిషి కాదు.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది:

"యాడమ్మా ఏసేది? పొద్దున్నించీ చేతులే ఆడలేదు."