గ్యాలరీలో కట్ చెప్పినవాడు

ఒక్క అరుపుతో సొంత జట్టును మైదానం నడిబొడ్డున నిలబెట్టేసి, ఎదుటివాళ్ల చేత తీరిగ్గా గోల్ కొట్టించిన మహానుభావుణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే. నవ్వుకోవడానికి మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది. కాకపోతే చివరిదాకా చదివి నవ్వండి. మధ్యలో పేజీ తిప్పేస్తే నా పరువు శాశ్వతంగా అక్కడే ఉండిపోతుంది.

ఎనభైల చివరి మాట. డైరెక్టర్ని అయిపోదామని కృష్ణా జిల్లా నుంచి వచ్చి, యూసుఫ్‌గూడలో ఓ కిరాయి గదిలో దిగి, అసిస్టెంట్ డైరెక్టర్ అనే పేరుతో జూబ్లీహిల్స్ రాళ్ల మధ్య ఎండకు మాడుతున్న రోజులు. పగలంతా సినిమా. మిగిలిన ప్రాణమంతా ఫుట్‌బాల్. మా జట్టు పేరు నౌబత్ రోవర్స్. ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడించే క్లబ్బు. ఆ ఏడాది లీగ్‌లో మావాళ్లు ఎంత గొప్పగా ఆడారంటే, పట్టికలో మా పేరు కావాలంటే కింది నుంచి వెతుక్కోవాలి. ఆఖరి మ్యాచ్ గెలిస్తే ఉంటాం, లేదంటే కింది డివిజన్‌కు జారిపోతాం. జారిపోతే క్లబ్బు మూసేస్తానని యజమాని అప్పటికే చెప్పేశాడు.

ఇంత దుస్థితికి కారణం నాకొక్కడికే తెలుసు. తెలిసిన సంగతి కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు. రోజూ సాయంత్రం ఇరానీ హోటల్లో కూర్చుని జట్టు మొత్తాన్ని ఉతికి ఆరేసేవాణ్ని.

"మన గోల్‌కీపర్ బంతి వలలో పడ్డాక దూకుతాడు. రైట్ బ్యాక్‌కి చెమట పట్టేది ఇంటర్వెల్లో సోడా తాగేటప్పుడే. ఇక విక్టర్! ఆయన ఫార్వర్డ్ ఆడటం మొదలుపెట్టినప్పుడు నేను లాగులు తొడుక్కుని తిరుగుతున్నాను. ఆయన్ని కూర్చోబెట్టి అన్వర్‌ని దింపాలి. వాడి ఎడమ కాలు చూశావా? బంగారం!"

ఇదంతా ఓపిగ్గా వినేవాడు యాదగిరి. మా యూనిట్లో లైట్‌మన్, షేక్‌పేట మనిషి, రోవర్స్ అంటే ప్రాణం పెడతాడు.

"అన్వర్ మంచిగనే ఆడ్తడన్నా. గని వాన్ని బెంచి మీదికెల్లి లేపేదెవ్వరు? నువ్వా?"

"నేనే లేపుతా. చూస్తూ ఉండు."

ఆ మాట దేవుడు విన్నాడు. మా కొత్త సినిమాలో హీరో ఫుట్‌బాల్ ఆటగాడు. క్లైమాక్స్ మ్యాచ్‌కి నిజమైన ఆటగాళ్లు కావాలన్నారు డైరెక్టర్ గారు. ఆయన నోట్లో మాట పూర్తికాకముందే నేను రోవర్స్ వాళ్లను మాట్లాడుకొచ్చేశాను. ఫిల్మ్‌నగర్ వెనక గుట్టల కింద ఖాళీ స్థలంలో సున్నంతో గీతలు గీసి, గోల్‌పోస్టులు పాతాం. విలన్ జట్టుగా మావాళ్లు దిగారు. ఇబ్బందల్లా హీరో గారితోనే. ఆయన ముఖం బ్రహ్మాండం. కాళ్లే ఒకదాని మాట ఒకటి వినవు. బంతి దగ్గరికొస్తే ఆయన మర్యాదగా పక్కకు తప్పుకుని దారిచ్చేవారు.

"కాళ్లకు డూపు కావాలయ్యా శేషూ," అని గుసగుసలాడారు డైరెక్టర్ గారు. రహస్యమేమీ కాదు, ఆయన గొంతు పోయింది. ఆ షెడ్యూలంతా యాక్షన్, కట్ చెప్పే పని కూడా నాకే అప్పగించారు. నా గొంతుకు మైకు అక్కర్లేదని యూనిట్లో అందరికీ తెలుసు.

నేను రోవర్స్ బెంచీ వైపు తిరిగాను. "అన్వర్, నువ్వు రా!"

అన్వర్ సిగ్గుపడుతూ లేచాడు. "నేను హీరోనా సార్?"

"నడుము కింద నుంచి నువ్వే హీరోవి."

సినిమావాళ్లకు ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. కట్ అనగానే ఎవరు ఎక్కడున్నారో అక్కడే, ఎలా ఉన్నారో అలాగే ఆగిపోవాలి. కెమెరా చోటు మార్చి మళ్లీ అక్కణ్నుంచే తీస్తాం. ఒక్కడు జరిగినా రెండు ముక్కలూ అతకవు. మొదట మావాళ్లకు ఇది ఎక్కలేదు. నేను కట్ అంటున్నా బంతి వెనకాల షేక్‌పేట దాకా పరిగెత్తేవాళ్లు. అలా పరిగెత్తినప్పుడల్లా మిట్టమధ్యాహ్నం ఎండలో మొదటి నుంచీ ఆడించాను. దాంతో దారికొచ్చారు. షెడ్యూలు ముగిసేసరికి నా గొంతు వినబడితే చాలు, గాల్లో లేచిన కాలు గాల్లోనే ఉండేది. పుట్టి బుద్ధెరిగాక నా మాట అంతమంది వినడం అదే మొదలు. గర్వంతో నాకు అన్నం సయించేది కాదు.

కోచ్ నర్సింగరావు గారు గొడుగు కింద కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తున్నారు. ఆయన కళ్ల ముందే అన్వర్ హీరో గారి జోళ్లు తొడుక్కుని, సొంత జట్టు డిఫెన్స్‌నే చీల్చుకుంటూ పోయి గోల్ మీద గోల్ కొడుతున్నాడు.

"కథలో ఒక్క గోలేనయ్యా," అని మళ్లీ గుసగుసలాడారు డైరెక్టర్ గారు.

"సేఫ్టీకి ఇంకోటి సార్," అన్నాను. ఆ సేఫ్టీ సినిమా కోసం కాదని మీకు వేరే చెప్పాలా?

సాయంత్రం కోచ్ గారు నన్ను పక్కకు పిలిచారు. "ఏందయ్యా, సినిమా తీస్తున్నవా, నా టీం సెలక్షన్ చేస్తున్నవా?"

"ఆ ఎడమ కాలు చూశారు కదండీ! ఆదివారం ఆఖరి మ్యాచ్‌లో దింపండి సార్. ఓడిపోతే మీసం తీయించుకుంటాను."

"నీ మీసం నాకెందుకయ్యా! వాడు గిన ఫెయిలైతే మల్ల బెంచి గూడ దొరకది. పోరని బతుకది. జర సోంచాయించి మాట్లాడు."

"ఆలోచించే మాట్లాడుతున్నాను సార్. పూచీ నాది."

ఆయన గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నారు. "ఎడమ దిక్కు ఆడిస్త. గని విక్టర్‌నైతే తియ్య," అన్నారు.

సగం గెలుపు. అయినా ఆ రాత్రి నేను భూమ్మీద నడవలేదు.

ఆదివారం స్టేడియం నిండిపోయింది. గ్యాలరీలో నేను, పక్కన యాదగిరి. విజిల్ పడిన దగ్గర్నుంచీ అన్వర్ ఎడమ పక్క అగ్గి పెట్టేస్తున్నాడు. "చూడండి, చూడండి, నేను చెప్పానా!" అని ముక్కూమొహం తెలియని వాళ్లందరికీ వాణ్ని నేనే కన్నట్టు పరిచయం చేస్తున్నాను.

అంతలో అన్వర్‌కు బంతి దొరికింది. ఒకణ్ని తప్పించాడు, ఇంకొకణ్ని తప్పించాడు. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. గ్యాలరీ మొత్తం ఊపిరి బిగబట్టింది. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు గోల్‌పోస్టు పక్కనుంచి ఓ సోడాలవాడు, బుట్ట నెత్తిన పెట్టుకుని, చుట్ట కాలుస్తూ, తాపీగా నడిచి వచ్చాడు.

నా కంటికి స్టేడియం మాయమైపోయింది. అంత మంచి షాటు, ఫ్రేములోకి ఎవడో నడిచొచ్చేశాడు! అసిస్టెంట్ డైరెక్టర్ అనేవాడు అప్పుడేం చేస్తాడో నేనూ అదే చేశాను. లేచి నిలబడి, పొట్టలోని గాలంతా కూడదీసుకుని అరిచాను.

"కట్!"

రోవర్స్ పదకొండు మందీ ఆగిపోయారు. అన్వర్ ఎడమ కాలు గాల్లో ఉంది. విక్టర్ నోరు తెరిచి ఉంది. రైట్ బ్యాక్ ఒంటికాలి మీద ఉన్నాడు. అయితే ఎదుటి జట్టువాళ్లు మా సినిమాలో లేరు కదా! ఒకడొచ్చి అన్వర్ ముందున్న బంతిని తీసుకుని, కదలని మావాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్లి, చేతులు చాచి నిలబడ్డ మా గోల్‌కీపర్ పక్కనుంచి వలలోకి తోశాడు. రిఫరీ గోల్ ఇచ్చేశాడు.

గ్యాలరీ మొత్తం నా వైపు తిరిగింది.

"ఎవడ్రా వాడు?"

"వాన్ని కిందికి పారెయ్యుండ్రి!"

యాదగిరి అడ్డం పడ్డాడు. "ఆగుండ్రన్నా! మనోడే! సినిమాల పని చేస్తడు, జర నెత్తిల పురుగు తిరుగుతది!" అని భుజం మీది తువ్వాలు తీసి నా నోటికి గట్టిగా కట్టేశాడు. "అన్నా, నీ కాళ్లు మొక్కుత, ఊపిరి గూడ మెల్లగ తీస్కో."

తువ్వాలు వెనక నేను ఏడ్చాను. మీసం గురించి కాదు. మైదానంలో అన్వర్ తల వంచుకుని నడుస్తున్నాడు. వాణ్ని బెంచీ మీద నుంచి లేపింది నేనే, పడేసిందీ నేనే.

ఇంటర్వెల్ తర్వాత మావాళ్లు ప్రాణాలకు తెగించి ఆడారు. స్కోరు సమం చేసింది ఎవరనుకున్నారు? విక్టర్! నేను ఏడాదంతా ఇరానీ హోటల్లో పెన్షన్ ఇచ్చి పంపించేసిన ఆ పెద్దమనిషే గాల్లోకి లేచి తలతో కొట్టాడు. తువ్వాలు వెనక నుంచే ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. కానీ సమం అయితే చాలదు, గెలవాలి.

ఆట ముగియడానికి ఇంకాసేపే ఉంది. విక్టర్ ఇచ్చిన బంతి మళ్లీ అన్వర్ కాళ్ల దగ్గరికి వచ్చింది. మళ్లీ అదే చోటు, మళ్లీ ఒక్కడే గోల్‌కీపర్. అన్వర్ కాలెత్తబోయి తటపటాయించాడు. తల తిప్పి గ్యాలరీ వైపు చూశాడు. నా కోసమే చూస్తున్నాడు, కట్ వస్తుందేమోనని. వెనక నుంచి ఇద్దరు ఎదుటివాళ్లు దూసుకొస్తున్నారు.

కోచ్ గారు గీత దగ్గరికి ఉరికొచ్చి గ్యాలరీ వైపు చేతులూపారు. "ఓ సినిమాయనా! నోరు కట్టుకున్నవేందయ్యా? అనేదేందో జల్ది అను!"

యాదగిరి తువ్వాలు ఒక్క గుంజు గుంజాడు. "అనన్నా!"

అన్నాను. అటు షేక్‌పేట, ఇటు మోతీనగర్ ఉలిక్కిపడేలా అన్నాను.

"యాక్షన్!"

బంగారం లాంటి ఆ ఎడమ కాలు కదిలింది. గోల్‌కీపర్ ఒక పక్కకు, బంతి ఇంకో పక్కకు. వల ఊగింది. తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు, ఎందుకంటే కాసేపటి క్రితం నన్ను కిందికి పారేస్తామన్నవాళ్లే నన్ను భుజాల మీదికి ఎత్తుకుని గంతులేస్తున్నారు. రోవర్స్ నిలబడింది. అన్వర్ మళ్లీ బెంచీ ఎక్కలేదు. నా మీసం ఈ రోజుకీ నా ముఖం మీదే ఉంది, కావాలంటే వచ్చి చూసుకోండి.

ఆ సాయంత్రం ఖాళీ అయిన మైదానంలోకి దిగి, గోల్‌పోస్టు దగ్గరి మట్టి తీసి నుదుట పెట్టుకుని, యాదగిరి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. బతికున్నంతకాలం గ్యాలరీలో కూర్చుని 'కట్' అనే మాట ఉచ్చరించను. సోడాలవాడు కాదు, ఏనుగు నడిచొచ్చినా అనను. ఆ ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదు.

'యాక్షన్' అననని మాత్రం నేను ఎవరికీ మాటివ్వలేదు.