పదునెక్కిన పిట్ట

కళ్ళద్దాల షాపాయనకి పిట్టల ఫొటోల పిచ్చి. ఫొటో కాస్త మసకగా వచ్చిందా, ఇక ఊరుకోడు. కంప్యూటర్ ముందు కూర్చుని, పదును పెంచే మీటని మౌసుతో చివరికంటా లాగి పారేస్తాడు. ఆయన చేతిలో పడ్డ చిలకకి ఈకలన్నీ ముళ్ళై నిక్కబొడుచుకుంటాయి.

"బావా, ఇది చిలకా, ముళ్ళపందా?" అని బామ్మర్ది అడిగితే, "నీ కళ్ళకి పవర్ మారింది, షాపుకి రా" అన్నాడు. వచ్చిన పాపానికి అద్దాలు అంటగట్టాడు కూడా.

మొన్న ఎదురింటి కరెంటు తీగ మీద ఏదో నల్లగా కనబడితే ఫొటో తీశాడు. పదును పెట్టగా పెట్టగా దానికి ముక్కొచ్చింది, కన్నొచ్చింది. ఇంకేముంది, ఇంతవరకూ ఎవరి కంటా పడని పక్షి అంటూ ఫ్రేము కట్టించి, షాపులో అక్షరాల బోర్డు పక్కనే తగిలించాడు.

భార్య వచ్చి చూసింది. "ఇది గాలికి ఎగిరిపోయిన మన మసిగుడ్డ కదండీ! మీరు కన్నంటున్నది పొయ్యి దగ్గర కాలిన చిల్లు."

ఆయన మొహం మాడ్చుకుని ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టాడు. "ముందు ఆ బోర్డు చదువు."

పైనున్న పెద్ద అక్షరం నుంచి అడుగున చీమ తలకాయంత అక్షరాల దాకా ఆవిడ తడుముకోకుండా చదివింది. అదే ఊపులో పక్కనున్న ఫ్రేము కూడా చదివేసింది.

"మసిగుడ్డ."