జాజు గీత దాకా

ఆళ్లగడ్డ శిల్పుల ఉలులకు ముప్పై ఏండ్లు పదును పెట్టాను. మొన అరిగిందని వాళ్లు తెచ్చి ఇస్తారు. నేను ముందు చూసేది తల. సుత్తి దెబ్బ నిటారుగా పడితే ఉలి తల చుట్టూ సమానంగా విచ్చుకుంటుంది. చెయ్యి వణికితే ఒక పక్కకే అణిగి అంచు చీలుతుంది. మద్దిలేటి తాగుతున్నాడని ఊరికి తెలియకముందే నా కొలిమికి తెలిసింది.

ఓబయ్య శిల్పశాలలో మద్దిలేటిని మించిన పనివాడు లేడు. విగ్రహానికి కండ్లు తెరిచే పని అతనిదే. మిగతాదంతా ఎవరు చెక్కినా, ఆ చివరి గీతలు మాత్రం పస్తుండి, తెర కట్టుకుని, అతనే చెక్కేవాడు. 1981లో ఒక పొద్దున సారాయి అంగడి మీదుగా పనికొచ్చి అమ్మవారి ముక్కు కొస ఎగరగొట్టాడు. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. నాలుగు నెలల పనిని బండి మీద తీసుకుపోయి బావిలో వదిలారు. ఓబయ్య కండ్లు తెరిచే సన్న ఉలిని మద్దిలేటి పెట్టెలోంచి తీసి నా దగ్గర దాచమన్నాడు. ఆ రోజు నుంచి మద్దిలేటికి రోళ్లు, తిరుగళ్ల పనే.

భార్య యశోదమ్మ అతన్ని అహోబిలం తీసుకుపోయి, స్వామి ముందు కర్పూరం ఆర్పించి ఒట్టు వేయించింది. మూడు నెలలు నిలిచి ఒట్టు తప్పింది. అంతే, ఇక పట్టపగ్గాల్లేవు. ఎందుకన్నా ఇట్లా అని అడిగాను.

"మాట తప్పినోణ్ని నరసిమ్మ సామి వదల్డు బాషా. ఇంక తాగినా ఒకటే, తాగకున్నా ఒకటే."

1983లో పాత లారీ కమాన్ల కోసం నంద్యాల పోయాను. మంచి ఉలికి ఆ ఉక్కే కావాలి. పాత ఇనుము అంగడిలో చక్రపాణి అనే రైల్వే ఫిట్టరు కలిశాడు. చీలిన ఉలుల మాట వచ్చి, మద్దిలేటి మాట వచ్చింది. తనూ ఒకప్పుడు అలాంటివాడినే అని చక్రపాణి నింపాదిగా చెప్పాడు. తాగుడు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు ఆదివారం మధ్యాహ్నం ఒక బడి గదిలో కూర్చుంటారట. మందూ లేదు, మంత్రమూ లేదు, ఒకరి సంగతి ఒకరు వినడమే.

మద్దిలేటికి నేను నీతులు చెప్పలేదు. ఆ వారం చీలిన ఉలులన్నీ అతని ముందు పరిచాను. ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"ఇవి నావేనా?"

"నీవే."

"నంద్యాల బస్సు ఎప్పుడు?"

ఆదివారం ఇద్దరం పోయాం. పది మంది దాకా ఉన్నారు, టీ తాగుతున్నారు. మద్దిలేటి సంచిలోంచి టెంకాయ, కర్పూరం తీశాడు. గోడల వంక చూశాడు.

"పటం గూడ లేదే. ఏ సామి మింద ఒట్టెయ్యాల?"

అందరూ నవ్వారు. నవ్వులో ఎగతాళి లేదు. తర్వాత తెలిసింది, వాళ్లలో సగం మంది మొదటిరోజు అలాగే వచ్చారట.

"ఒట్టొద్దప్పా," అన్నాడు చక్రపాణి. "మేమంతా ఒట్లు తీసి గట్టున పెట్టినోళ్లమే. టెంకాయ ఇట్లియ్యి, కొట్టుకుని తిందాం."

"మరి నేనేం చెయ్యాల?"

"ఈ పొద్దు పండుకునేదాకా తాగొద్దు. రేపటిది రేపు."

తిరిగి వస్తుంటే బస్సులో మద్దిలేటి అడిగాడు: "రాతి మింద ఎర్ర జాజు గీత యాడికి గీస్తాం బాషా?"

"ఆ పొద్దు ఎంత చెక్కాల్నో ఆడికి."

తల ఊపాడు. సిరివెళ్ల దాటేదాకా ముందు సీటు మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

ప్రతి ఆదివారం పోయాడు. మొదటి నెల నేనూ తోడు పోయాను, బస్టాండు దగ్గర సారాయి అంగళ్లు రెండున్నాయి కాబట్టి. అక్కడ అందరూ చెప్పేవారు, ఇతను వినేవాడు. ఉగాది మరునాడు తనే కొలిమి దగ్గరికి వచ్చాడు.

"నిన్న తాగితి. గీత దాటింది."

ఇక అయిపోయిందనుకున్నాను. వెనక ఒక్క ఒట్టు తప్పినందుకే ఏడాది పైన పాడైపోయాడు. ఈసారి ఆదివారం బస్సెక్కాడు, ఆ గదిలో మొదటిసారి నోరు విప్పాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు. అక్కడి మాట బయటికి రాకూడదని వాళ్ల కట్టుబాటు.

ఆ తర్వాత ఉలులే చెప్పాయి. ఒక పక్క వాలిన తలలు నెల నెలా సరిపడుతూ వచ్చాయి. 1985లో వెలుగోడు వాళ్లు అమ్మవారిని చేయించుకుంటుంటే, మద్దిలేటి ఉలి ఒకటి తీసుకుపోయి ఓబయ్య చేతిలో పెట్టాను. తలను బొటనవేలితో చుట్టూ తడిమాడు.

"ఆ సన్న ఉలి బయటికి తియ్యి బాషా."

ఆ పదును నేను పెట్టినవాటిలోకెల్లా మంచిది. తెల్లవారుతూనే మద్దిలేటి తెర వెనక్కి పోయాడు. మేం బయట పని ఆపి కూర్చున్నాం. దెబ్బలు చిన్నగా, ఒకే ఎడంతో వినిపించాయి. ఒక్కటీ తడబడలేదు. తెర తీసేసరికి అమ్మవారు మమ్మల్ని చూస్తోంది. ఓబయ్య ఉలిని తిరిగి నా దగ్గరికి పంపలేదు. మద్దిలేటి పెట్టెలోనే పెట్టాడు.

వెలుగోడు వాళ్లు ఆదివారం ట్రాక్టరు తెచ్చారు. కండ్లు తెరిచిన శిల్పికి పూలదండ, పంచెలచాపు తెచ్చి అతను ఏడని అడిగారు.

"నంద్యాల బస్సెక్కినాడు," అన్నాడు ఓబయ్య. "ఆదివారం ఆయప్ప ఎవురికీ నిలబడడు."

పంచెలు యశోదమ్మ అందుకుంది. ఆ పొద్దు సిరివెళ్లలో ఒక కొత్త మనిషి బస్సెక్కి తన పక్కన కూర్చున్నాడని మద్దిలేటి మరునాడు చెప్పాడు. ఆ మనిషి ఒళ్లో టెంకాయ ఉందట.