పొట్లాలైపోయిన నవల

మొన్న జురాంగ్ ఈస్ట్ మాల్‌లో ఎవరో వేరుశనగల డబ్బా మూత తీశారు. వేగిన పొట్టు వాసన ముక్కుకు తగలగానే, చిన్నప్పుడు మేమున్న వుడ్‌ల్యాండ్స్ పేటలో సినిమా హాలు పక్కనున్న మా నాన్న బడ్డీ గుర్తొచ్చింది.

డిసెంబరు వానల్లో వేడి శనగలు, దీపావళి ముందు అమ్మ వండే మురుకులు, కారం బఠానీలు. పాత పుస్తకాలు తూకానికి కొని, ఆ కాగితాలతో పొట్లాలు చుట్టేవాడు నాన్న. పుస్తకాన్ని బోర్లా పెట్టి చివరి పేజీ నుంచి చింపడం ఆయన పద్ధతి. బేరాల మధ్య పెరిగిన నాకు అందులో తప్పేమీ కనిపించలేదు, ఒక ఇంగ్లండు రచయిత్రి నవల మా బడ్డీకి వచ్చేదాకా.

ఆవిడ జీవితం అట్ట మీద నాలుగు ముక్కల్లో ఉంది: రేవు పట్నం, సబ్బులూ కొవ్వొత్తులూ అమ్మే తండ్రి, గిరాకీ లేనప్పుడు బల్ల వెనక నిలబడి రాసిన మొదటి నవల. అచ్చం మావాళ్లే. కథలో భర్త పోయాక ఒంటరిగా కొట్టు నడుపుకునే ఒకామెను, ఆ కొట్టు అమ్మెయ్యమని ఓ పెద్ద వ్యాపారి అడుగుతాడు. ధర వినగానే ఆమె జవాబివ్వకుండా కిటికీ తుడుస్తూ ఉండిపోతుంది. ఆ ఎత్తు నేను చేపల కొట్లో వేసి చూశాను. చేపలాయన నాకన్నా ఎక్కువసేపు ఊరుకున్నాడు, నేనే లొంగిపోయాను.

ఆమె కొట్టు అమ్మిందో లేదో తెలుసుకుందామంటే చివరి పేజీలు అప్పటికే పొట్లాలైపోయాయి. ఆఖరి పొట్లం షిప్‌యార్డ్‌లో పనిచేసే అంకుల్ చేతిలో ఉందని పరుగెత్తాను.

"అంకుల్, ఆ కాగితం ఇచ్చేయండి. వేరే పొట్లం ఇస్తా."

"రెండిస్తే ఇస్తాను తల్లీ."

రెండూ ఇచ్చాను. విప్పి చూస్తే లెక్కల పుస్తకంలోని పేజీ.

బడ్డీకి తిరిగొచ్చి, కథ చెప్పి, ఆమె కొట్టు అమ్ముతుందా అని నాన్ననే అడిగాను.

"అమ్మదు. కొట్టమ్మీసి ఏటి సేస్తాది?" అన్నాడు, శనగలు కలుపుతూనే.

తర్వాత లైబ్రరీలో ఆవిడ మిగతా నవలలన్నీ చదివాను, అదొక్కటే దొరకలేదు. ఎవరైనా ఒక వస్తువును చేతిలోకి తీసుకునే తీరు చెప్పి ఆ మనిషి మొత్తాన్ని చూపించేస్తుందావిడ. అలా రాయగలిగినవాళ్లు నాకు మరొకరు తగల్లేదు.

పోయిన నెల పాత పుస్తకాల కొట్లో ఆ నవల కనబడింది. బేరం కూడా ఆడకుండా కొన్నాను, ఇంట్లో ఎవరూ నమ్మలేదు. రైల్లో చివరి పేజీలు చదివాను. ఆమె అమ్మేసింది. మర్నాడు పొద్దున్నే అదే కొట్టుకు ఉప్పు కొనడానికెళ్లి, ధర తగ్గించమని కొత్త యజమానితో తగువు పెట్టుకుంది.

పక్కవాళ్లు చూస్తున్నా నవ్వాపుకోలేకపోయాను. ఇప్పుడు ఆ హాలు లేదు, బడ్డీ లేదు, కాగితం పొట్లాలు లేవు. నాన్న కూడా లేడు. ఉంటే, తన మాట తప్పయినందుకు కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత ఉప్పు ఎంతకిచ్చాడని అడిగేవాడు.